నోటిఫికేషన్ వచ్చాకే ఇంజిన్ కొనండి

హైదరాబాద్ చిక్కడపల్లిలో మా మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన, ఒక టేకు దుంగ ఉంది. దానికి నాలుగు బోల్టు బెజ్జాలు. ఇప్పటికి పదకొండు కొత్త ఇంజిన్లు దాని మీద కూర్చుని, లోపలి భాగాలు ఒకదానికొకటి సర్దుకునేదాకా తిరిగి, అరుగుదల పట్టాయి. అన్నీ అరచేతిలో ఇమిడే ఇంజిన్లే, మోడల్ విమానాలకు పెట్టేవి. అందులో రెండు నావి. తక్కినవి అశోక్‌నగర్‌లో గది తీసుకుని సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదువుకునే కుర్రాళ్లవి, నారాయణగూడ వైపు కాలేజీల్లో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ చేసి ఆ ఇష్టం వదులుకోలేని పిల్లలవి.

నేను నలభై ఏళ్లు బాలానగర్‌లో లేత్ మీద పనిచేశాను. లోహం లోహాన్ని ఎట్లా రాసుకుంటుందో, ఎక్కడ పట్టేస్తుందో చేతికి తెలుసు. అయినా నా సలహాలు విన్నవాళ్లలో సగం మంది తల అడ్డంగా ఊపుతారు. అందరూ ఒకటి చెబితే ఈయన ఇంకొకటి చెబుతాడంటారు. చెబుతాను. కొత్త ఇంజిన్ విషయంలో లోకంలో తిరిగే మంచి సలహాలన్నీ తొందరలో పుట్టినవి. ఈ పనిలో తొందర తప్ప వేరే తప్పు లేదు.

అన్నిటికంటే ముందు చెప్పేది, చదువుకునే కుర్రాళ్లకి. ఇంజిన్ కొనాలనుంటే నోటిఫికేషన్ వచ్చాకే కొనండి. పరీక్ష అయ్యేదాకా ఆగకండి.

ఇది విని ఎందరో తండ్రులు నాకు ఫోన్ చేశారు. "పరీక్ష అయినంక కొనుక్కోమని మీరన్నా చెప్పుండ్రి సార్" అని బతిమాలారు. నేను చెప్పలేదు. అశోక్‌నగర్‌లో "అయినంక" అనే మాట ఎంత పొడుగో వాళ్లకి తెలియదు. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్ 16న రాశారు, రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ రాశారు, అదీ రద్దయింది. 2024 జూన్ 9న మళ్లీ కూర్చున్నారు. మధ్యలో సిటీ సెంట్రల్ లైబ్రరీ మెట్ల మీద, టీ బండ్ల దగ్గర నేను చూసిన ముఖాలు నాకింకా గుర్తే. ఎంత చదివినా ఏదీ ముగియడం లేదన్న బెంగ అది. అలాంటి రోజుల్లో చేతిలో ఒక పని ఉండాలి. ఇంత చేస్తే ఇంత అవుతుందని ముందే లెక్క కట్టగలిగే పని కావాలి. లీటరు ఇంధనం, ఇరవై సార్లు వేడెక్కడం, ఇరవై సార్లు చల్లారడం. అంతే, ఇంజిన్ తయారు. దాన్ని ఎవరూ రద్దు చేయలేరు.

పైగా ఈ పనికీ చదువుకీ వేళలు అచ్చంగా కుదురుతాయి. కొత్త ఇంజిన్‌ని రెండు మూడు నిమిషాలు తిప్పి ఆపేయాలి. తరవాత పదిహేను నిమిషాలు దాన్ని ముట్టుకోకూడదు. ఆ పదిహేను నిమిషాల్లో పాలిటీ నాలుగు పేజీలు చదవచ్చు. మళ్లీ రెండు నిమిషాలు మోత, మళ్లీ నాలుగు పేజీలు. వనపర్తి వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాలు రెండు అధ్యాయాలూ మా పిట్టగోడ నీడలోనే పూర్తి చేశాడు. అతని పుస్తకంలో ఆ పేజీల మీద నూనె వేలిముద్రలున్నాయి.

రెండో సలహా కూడా ఇలాంటిదే. ఇంజిన్ కొన్న నాడు విమానం కొనకండి, కట్టకండి, బాల్సా చెక్క ఇంట్లో పెట్టకండి. రెక్కలు తయారై గోడకి వేలాడుతుంటే ఇంజిన్ మీద దయ ఉండదు. "ఇగ ఎగరేద్దామా సార్?" అని మూడో రోజే అడుగుతారు. ఎన్‌సీసీలో ఉండగా నేనూ అదే చేశాను. 1970ల చివరి మాట. కలకత్తా నుంచి వచ్చే దేశీ ఇంజిన్లే అప్పుడు మా చేతికి అందేవి. నా మొదటి 2.5 సీసీ ఇంజిన్‌ని ఒక హార్డ్‌వేర్ దుకాణం పెద్దమనిషి మాట విని, రెండు ట్యాంకులు తిప్పి, తీగలతో పట్టి చుట్టూ తిప్పే కంట్రోల్ లైన్ విమానానికి బిగించేశాను. నాలుగో చుట్టులో మోత సన్నబడింది, కీచుమంది, ఆగింది. విమానం నేల మీద పడ్డాక ప్రొపెల్లర్‌ని వేలితో తిప్పితే కదల్లేదు. పిస్టన్ పట్టేసింది. విప్పి చూస్తే, పిస్టన్ కదిలే గొట్టం, లైనర్, లోపల పొడుగునా గీతలు. ఆ పెద్దమనిషి మంచివాడే. స్కూటర్ల సంగతి తెలిసిన మనిషి. స్కూటర్ సలహా ఇచ్చాడు.

ఆ సలహా ఎందుకు పనికిరాదో చెప్పాలంటే పిస్టన్ లోపలికి వెళ్లాలి. ఫ్యాక్టరీలో ఎంత నున్నగా చేసినా లోహం మీద మిట్టలు, పల్లాలు మిగులుతాయి. కంటికి కనిపించవు. కొత్తలో పిస్టన్ మిట్టలు, లైనర్ మిట్టలు ఒకదాన్నొకటి తాకి, విరిగి, చదునవుతాయి. అలా చదునయ్యే చోట వేడి పుడుతుంది. నూనె చాలకపోతే ఆ వేడికి రెండు మిట్టలూ అతుక్కుంటాయి. మరుక్షణం చిరుగుతాయి. నా ఇంజిన్‌లో ఉన్న గీతలు అవే. స్కూటర్ పిస్టన్‌కి రింగులుంటాయి. రింగు స్ప్రింగులా సర్దుకుంటుంది కాబట్టి కొంత తప్పు భరిస్తుంది. పాతకాలపు చిన్న మోడల్ ఇంజిన్‌లో రింగులుండవు. ఇనుప పిస్టన్‌ని ఉక్కు లైనర్‌లో నేరుగా రుద్ది కూర్చోబెడతారు. మధ్యలో ఉండే సందు వెంట్రుక మందంలో చాలా చిన్న భాగం. అక్కడ క్షమాపణ లేదు.

ఇంకో సంగతి చాలామంది వదిలేస్తారు. పోతపోసిన ఇనుము వేడెక్కి చల్లారిన ప్రతిసారీ దాని లోపలి బిగువు కాస్త సడలి, ఆకారం కాస్త మారుతుంది. మొదట్లో ఆ మార్పు ఎక్కువ. పది పన్నెండు సార్లయ్యాక తగ్గుతుంది. అందుకే నేను తిప్పిన నిమిషాలు లెక్కపెట్టను, చల్లారిన సార్లు లెక్కపెడతాను. "గంటసేపు తిప్పాను అంకుల్" అని ఒకడు గర్వంగా వస్తాడు. ఒకే గంట ఏకబిగిన తిప్పాడంటే ఒక్కసారి చల్లారిందన్నమాట. వాణ్ణి మళ్లీ మొదటి నుంచి చేయమంటాను. ముఖం మాడ్చుకుంటాడు. అయినా చేయమంటాను.

పెద్ద విమానాల ఇంజిన్లకి ఇంతకంటే వేరే పద్ధతి ఉందని కొందరు వాదిస్తారు. నిజమే, ఉంది. ఓవర్‌హాల్ అయిన సెస్నా ఇంజిన్‌ని మెల్లగా నడిపితే రింగులు కూర్చోవు, సిలిండర్ గోడ మీద నూనె కాలి గాజులా పూత పడుతుంది. అందుకని మొదటి గంటల్లో మినరల్ ఆయిల్ పోసి, మూడొంతుల శక్తి దాకా రాబట్టి నడుపుతారు. రింగులున్నచోట ఆ మాట చెల్లుతుంది. మన చేతిలో ఉన్నదానికి రింగు లేదు. బేగంపేట రన్‌వే మీది మాటని చిక్కడపల్లి మేడ మీదికి తేకండి.

కొనేటప్పుడు కూడా నా మాట వింతగానే ఉంటుంది. రెండు ఇంజిన్లు పక్కపక్కన పెడితే ముతకదాన్ని ఎంచుకోండి. మెరిసేదాన్ని, పెట్టెలోంచి తీసి ఎగరేయొచ్చని రాసి ఉన్నదాన్ని మొదటిసారి కొనకండి. పరిమాణం 2.5 సీసీ చాలు. అంతర్జాతీయ ఏరోనాటిక్ సమాఖ్య, 1905లో పుట్టిన ఎఫ్‌ఏఐ, కంట్రోల్ లైన్‌లో స్పీడు, టీమ్ రేస్, కాంబాట్ పోటీలకు పెట్టిన హద్దు కూడా ఆ 2.5 సీసీయే. అంతలో ప్రపంచ విజేతలు పుట్టారు. మనకు చాలదా?

ముతకది అని ఎందుకంటున్నానంటే, ఇనుప పిస్టన్ ఇంజిన్ మనిషికి చెవి నేర్పుతుంది. ఈ కాలంలో వచ్చేవి ఎక్కువ భాగం ఏబీసీ రకం. అల్యూమినియం పిస్టన్, ఇత్తడి లైనర్, దాని మీద క్రోమియం పూత. లైనర్ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు ప్రొపెల్లర్ తిప్పితే పైన పిస్టన్ గట్టిగా బిగుసుకుంటుంది. ఇంజిన్ చెడిపోయిందేమో అని భయపడి మా మేడ ఎక్కినవాళ్లు ముగ్గురు. చెడిపోలేదు. వేడెక్కినప్పుడు ఇత్తడి లైనర్, సిలికాన్ ఎక్కువ కలిపిన ఆ అల్యూమినియం పిస్టన్ కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. అప్పుడు బిగువు సడలి సరిపోతుంది. కాబట్టి ఏబీసీ ఇంజిన్‌ని చల్లగా, మెల్లగా, పొగలు కక్కిస్తూ గంటలకొద్దీ తిప్పడం దానికి హింస. ప్రతి చుట్టుకీ పిస్టన్ ఆ ఇరుకులోకి దూరి బయటికి రావాలి. ఆ దెబ్బ కనెక్టింగ్ రాడ్ మీద పడుతుంది. ఇంజిన్‌కి బలమిచ్చే ఆ బిగువే అరిగిపోతుంది. దానికి నా సలహా తలకిందులు. మొదటి నిమిషం నుంచే వేడి ఉండనివ్వండి. స్టార్ట్ చేసే ముందు హెడ్‌ని హెయిర్ డ్రయర్‌తో వెచ్చబెట్టండి. మే నెలలో అయితే మా పిట్టగోడ మీద నల్లగుడ్డ పరిచి పావుగంట ఎండలో పెడితే చాలు. స్టార్ట్ కాగానే, ఇంధనం ఎంత పోవాలో సర్దే సూదిని బిగిస్తూ టూ స్ట్రోక్ మోతకి తెండి (ఆ మోత సంగతి ముందు చెబుతాను), ఇంధనం కాస్త ఎక్కువగానే ఉంచండి, రెండు నిమిషాలకు ఆపండి. చల్లార్చడం మాత్రం రెంటికీ సమానం.

ఇక నూనె. ఇక్కడ నేను కొంచెం ఎక్కువ మాట్లాడతాను. ఈ పని మొత్తానికి ప్రాణం అక్కడే ఉంది.

మన ఈ చిన్న ఇంజిన్‌ని గ్లో ఇంజిన్ అంటారు. అది తాగేది మిథనాల్. దాని ప్లగ్‌లో నిప్పురవ్వ ఉండదు. ప్లాటినం కలిసిన సన్న తీగ చుట్ట ఉంటుంది. 1.5 వోల్టుల బ్యాటరీతో మొదట ఎర్రబడుతుంది, తరవాత బ్యాటరీ తీసేసినా మిథనాల్ ఆవిరి తగిలి దానంతటదే వెలుగుతూ ఉంటుంది. అమెరికాలో రే ఆర్డెన్ 1947లో అమ్మకానికి తెచ్చిన ఉపాయం ఇది. ఈ మిథనాల్‌లో కలిసే నూనె కావాలి. మన పెట్రోల్ బంకులో దొరికే 2టీ ఆయిల్ అందులో కలవదు. సీసాలో వేరుగా తేలుతుంది. కలిసేది ఆముదం.

మహబూబ్‌నగర్, నల్లగొండ మెట్ట పొలాల్లో పెరిగే ఆముదమే. పాలెంలో ఆ పంట మీద పరిశోధన చేసే కేంద్రం ఉంది. రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థ కూడా దాని మీద పనిచేస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నోమ్, ల రోన్ రోటరీ ఇంజిన్లు ఆముదం మీదే నడిచాయి. పైలట్ల ముఖాల మీద, కళ్లద్దాల మీద ఆ నూనె తుంపర్లు పడేవి. క్యాస్ట్రాల్ అన్న పేరులో ఉన్నది కూడా ఆముదానికి ఇంగ్లీషు వాళ్లు పెట్టిన పేరే. కొత్త ఇంజిన్‌కి ఆముదం ఎందుకంటే, ఇంధనం తక్కువై ఇంజిన్ ఎర్రగా కాలే క్షణంలో కృత్రిమ నూనెలు కాలిపోయి గోడని వదిలేస్తాయి. ఆముదం ఆ వేడికి చిక్కబడి, జిగురై, గోడని పట్టుకుని ఉంటుంది. అది ఒక్క క్షణం పట్టుకుంటే చాలు, పిస్టన్ బతుకుతుంది.

అందుకే ఆముదం ఖర్చు చూడకండి. స్పీడు పోటీల్లో చాలా ఏళ్లు నిర్వాహకులే ఇచ్చిన ఇంధనం 80 భాగాల మిథనాల్, 20 భాగాల ఆముదం. అది ఆరితేరిన ఇంజిన్లకి. కొత్తదానికి నేను నూటికి 25 పాళ్లు ఆముదం ఉండాలంటాను. నైట్రోమీథేన్ అసలు వద్దు. "అంత నూనెయితే స్పీడు రాదు కదా" అంటారు. రాకూడదు. "మేడంతా జిడ్డవుతుంది" అని మా ఇంట్లో అంటారు. అవుతుంది. సబ్బు నీళ్లతో కడుగుతాను. లీటరు ఇంధనం 2.5 సీసీ ఇంజిన్‌కి దాదాపు గంటసేపు వస్తుంది. ఆ లీటరు మొత్తం దుంగ మీదే తాగించాలి. ఒక్క చుక్క కూడా ఎగరడానికి దాచకండి.

వనపర్తి అబ్బాయి ఒకసారి ఊరెళ్లి కూల్‌డ్రింకు సీసా నిండా ఆముదం తెచ్చాడు. వాళ్ల చేలో పండిందే. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనె వాళ్లమ్మ తన చేతులతో తీసింది. "సార్, మనదే ఉన్నప్పుడు కొనుడెందుకు?" అన్నాడు. నాకు ఆ మాట ఎంతో నచ్చింది, కాదనడం ఎంతో కష్టమైంది. వండిన ఆముదంలో నీటి తడి ఉంటుంది, బంక ఉంటుంది. మిథనాల్‌లో పోస్తే మబ్బు పడుతుంది, సూది రంధ్రంలో అడ్డుపడుతుంది. ఇంజిన్‌కి బంక తీసి శుద్ధిచేసిన ఆముదం కావాలి. ఆ సీసా నేను తీసుకుని, అతనికి శుద్ధి ఆముదం నా డబ్బుతో కొనిచ్చాను. వాళ్లమ్మ నూనె మా దేవుడి గదిలో దీపానికీ, నా మోకాళ్లకీ సంవత్సరం వచ్చింది.

మిథనాల్ సంగతి మాత్రం నా మిగతా సలహాల్లా కాదు, అందరూ చెప్పేదే నేనూ చెబుతాను. అది విషం. పది మిల్లీలీటర్లు కడుపులోకి పోయినా చూపు పోవచ్చు. చర్మం గుండా కూడా ఎక్కుతుంది. మంచినీళ్ల సీసాలో ఎప్పుడూ పోయకండి, సీసా మీద పుర్రె బొమ్మ అంటించండి, హాస్టల్ గదిలో నిలవపెట్టకండి. అంటుకుంటే పగటి వెలుగులో దాని మంట కంటికి కనపడదు. బకెట్టుతో నీళ్లు పక్కనే ఉండాలి. కలపడం తెలియనివాళ్లు తయారు ఇంధనమే కొనుక్కోవాలి.

వేళ ఎంచడంలో నేను లోకానికి ఎదురే. తెల్లవారుజామున, నలుగురూ లేవకముందే చేసుకోండి అంటారు. అది దొంగతనం. తెల్లవారుజామున వెంకటేశ్వరస్వామి గుడి గంట తప్ప మరో చప్పుడు లేని వీధిలో ఈ మోత రెండు వీధులు దాటి వినపడుతుంది. నేను మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలుపెడతాను. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ట్రాఫిక్ మోగుతూ ఉంటుంది, ఎదురు భవనంలో స్టడీ హాలు పిల్లలు భోజనానికి లేస్తారు. వాళ్ల యజమానిని ముందే కలిసి వేళ చెప్పి వచ్చాను. మొదటి వారం కిటికీలు వేసుకున్నారు. మూడో వారానికి ఇద్దరు మెట్లెక్కి వచ్చి, టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకునే, "ఇది ఎందుకు తిరుగుతుంది అంకుల్" అని అడిగారు. ఆ పదకొండు ఇంజిన్లలో ఒకటి వాళ్లలో ఒకడిదే.

దుంగ బరువుగా ఉండాలి. ఇంజిన్‌ని దాని చెవులకున్న నాలుగు బెజ్జాల దగ్గరే బోల్టులతో బిగించాలి. క్రాంక్‌కేస్‌ని వైస్‌లో నొక్కి పట్టారంటే లోపల గుండ్రం గుండ్రంగా ఉండదు. ట్యాంకు మధ్యగీత సూది మట్టానికి సమంగా గానీ, ఒక వేలెడు కిందికి గానీ. ప్రొపెల్లర్ ఎగరడానికి వాడేదానికంటే ఒక అంగుళం చిన్నది, చెక్కదో నైలాన్‌దో, అంచు పగుళ్లు లేనిది. తిరుగుతున్నప్పుడు అది తిరిగే తలంలో మనిషి నిలబడకూడదు, ముందు నుంచి చెయ్యి చాపకూడదు. నిమిషానికి పదివేల చుట్లు తిరిగేది కత్తి. స్టార్ట్ చేయడానికి వేలు కాదు, రబ్బరు తొడిగిన కర్ర వాడండి. ఎలక్ట్రిక్ స్టార్టర్ మొదటి రోజుల్లో వద్దు. లోపల ఇంధనం నిండిపోయి ఉంటే ద్రవం నలగదు, రాడ్ వంగుతుంది. కర్రతో కొడితే ఆ అడ్డు చేతికి తెలుస్తుంది, మోటారుకి తెలియదు.

ఇప్పుడు చెవి. ఇంజిన్ స్టార్ట్ కాగానే సూదిని విప్పి, ఇంధనం ఎక్కువ పోనివ్వాలి. ఎంత విప్పాలో చుట్లలో చెప్పమంటారు అందరూ. నేను చుట్లు చెప్పను. మా వీధి చివర త్యాగరాయ గానసభలో సాయంత్రాలు కూర్చోమంటాను. తంబురా మీద పై షడ్జం, కింది షడ్జం ఎట్లా ఉంటాయో చెవికి పట్టాలి. టూ స్ట్రోక్ ఇంజిన్ మామూలుగా ప్రతి చుట్టుకీ ఒకసారి పేలుతుంది. ఇంధనం మరీ ఎక్కువైతే ఒక చుట్టు పేలి, ఒక చుట్టు మానేస్తుంది. పేలే లెక్క సగానికి పడిపోతుంది కాబట్టి గొంతు ఉన్నట్టుండి ఒక స్థాయి కిందికి దిగుతుంది. బొంగురుగా, పొగతో, నూనె తుంపర్లతో. మా వాళ్లు ఫోర్ స్ట్రోకింగ్ అంటారు. నేను మంద్రం అంటాను. ఇనుప పిస్టన్ మొదటి పది విడతలూ మంద్రంలోనే ఉండాలి. పై స్థాయికి ఎక్కబోయిందంటే సూది విప్పి దించేయండి. పదకొండో విడత నుంచి రెండు మూడు సెకన్లు పైకి పోనిచ్చి మళ్లీ దించండి. తరవాత అయిదు సెకన్లు, పది సెకన్లు. ఆలాపనలో తారస్థాయిని మొదట ఒకసారి తాకి వచ్చేస్తారే, ఆ తీరుగా. గానసభకి వెళ్లొచ్చిన కుర్రాళ్లకి నేను ఒక్క ఇంజిన్‌కీ సూది పట్టి చూపించాల్సిన పని పడలేదు. చేతిలో టాకోమీటర్ పట్టుకుని అంకెలు చూసేవాళ్లు పైకి ఎక్కిన సంగతి గుర్తించేసరికి నాలుగు సెకన్లు దాటుతుంది.

విశాఖపట్నంలో సూది సరిచేసుకుని ఇక్కడికి తెచ్చే పిల్లలు ఒకటి గమనించాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. గాలి సాంద్రత నూటికి అయిదు పాళ్ల వరకు తక్కువ. నలభై రెండు డిగ్రీల ఎండలో ఇంకా పలచన. అక్కడ సరిగ్గా ఉన్న సూది ఇక్కడ రిచ్ అవుతుంది, అంటే గాలికి మించి ఇంధనం పోతుంది. కొత్త ఇంజిన్‌కి అది మేలు కాబట్టి వెంటనే బిగించకండి. ఇక్కడ బిగించి తీసుకెళ్లినవాళ్లే అక్కడ బీచ్ గాలిలో పిస్టన్ పట్టించుకుంటారు.

మీకు తప్పకుండా వినపడే ఉపాయాలు కొన్ని ఉన్నాయి, వాటిని త్వరగా తోసేస్తాను. డ్రిల్ మెషిన్‌కి తగిలించి గంటసేపు తిప్పమంటారు. వేడి లేని అరుగుదల తప్పు చోట అరుగుతుంది. వాల్వుల గ్రైండింగ్ పేస్టు కొంచెం పూయమంటారు. ఆ రవ్వ మెత్తని లోహంలో దిగి జీవితాంతం అక్కడే ఉండి లైనర్‌ని తింటుంది. బిగుతుగా ఉంది కదా అని పిస్టన్‌ని ఎమరీ కాగితంతో రుద్దమన్న మెకానిక్ ఒకడున్నాడు. అతని ముందు ఇంజిన్ పెట్టె కూడా విప్పకండి.

అరుగుదల పూర్తయిందని ఎట్లా తెలుస్తుంది? ఎగ్జాస్ట్ ముందు తెల్ల కాగితం పట్టండి. మొదటి విడతల్లో పడే నూనె సీసం రంగులో, బూడిదగా ఉంటుంది. అది అరిగిన లోహం. రోజురోజుకీ ఆ రంగు పలచబడి, చివరికి ఆముదం తన అసలు తేనె రంగులో పడుతుంది. ఆ కాగితాలు పారేయకండి, తారీఖు వేసి వరసగా దాచండి. తరవాత సూది బిగించి పూర్తి వేగానికి తెచ్చి నిమిషం ఆగండి. మోత నిలకడగా ఉంటే అయింది. సన్నగా కుంగడం మొదలైతే లోపల ఇంకా రాపిడి ఉందని అర్థం. సూది విప్పి, మంద్రానికి దించి, చల్లార్చి, ఇంకో పావు లీటరు.

వనపర్తి అబ్బాయిది ముప్పై నాలుగో విడతలో నిలబడింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు, ట్యాంకు అడుగంటేదాకా ఒకే శ్రుతి. మేమిద్దరం మాట్లాడలేదు. తరవాత అతను కాగితాలన్నీ నేల మీద పరిచి, బూడిద రంగు నుంచి తేనె రంగు దాకా ఒకటొకటే చూసుకున్నాడు. "అయింది సార్" అన్నాడు. ఆ మాట అతని నోట రెండేళ్లలో నేను మొదటిసారి విన్నాను.

విమానం అప్పుడు కట్టుకోవచ్చు. ఈ పేటల్లో మాత్రం ఎగరేయకండి. బేగంపేట విమానాశ్రయం దగ్గర, కరెంటు తీగలు ఇంకా దగ్గర. ఇనుప తీగలతో తిప్పే విమానం హైటెన్షన్ లైన్ కింద ఎగరేస్తే ప్రాణం పోతుంది. ఊరి బయట, చుట్టూ తీగలు లేని మైదానం చూసుకుని, తెలిసినవాళ్లతో వెళ్లండి.

ఏ రోజైనా ఆఖరి విడత తరవాత ఇంధనం గొట్టం లాగేసి, మిగిలినది కాలి ఆగిపోయేదాకా తిరగనివ్వండి. మిథనాల్ గాలిలో తడిని పీలుస్తుంది. లోపల వదిలేస్తే వానాకాలంలో వారం రోజుల్లో బేరింగులు తుప్పు పడతాయి. గాలి పీల్చే రంధ్రంలో నాలుగు చుక్కలు, ప్లగ్ బెజ్జంలో నాలుగు చుక్కలు పలచని మెషిన్ ఆయిల్ వేసి, కర్రతో పది చుట్లు తిప్పి, ఎగ్జాస్ట్ మూతికి ఉతికిన పాత బనీను గుడ్డ చుట్టండి. నెల తరవాత తీసినప్పుడు ఆముదం జిగురుకట్టి కదలకపోతే బలవంతంగా తిప్పకండి. ఎండలో పెట్టండి, పావుగంటలో దానంతటదే కరుగుతుంది. ఈలోగా ఇంకో నాలుగు పేజీలు చదువుకోవచ్చు.